అగాధంలో తోడు

సూర్యరశ్మి సోకని సముద్రగర్భంలో జంతువులు, బాక్టీరియా కలిసి సాగించే జీవనం

సూర్యుడు ప్రత్యక్ష దైవమని మన పెద్దలు భావించారు. ఆధునిక విజ్ఞానశాస్త్రం వేరొక మార్గంలో పయనించి ఇంచుమించు అదే నిర్ణయానికి వచ్చింది. ఆకుపచ్చని మొక్క సూర్యరశ్మిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ నీటినీ కలిపి పిండిపదార్థాన్ని తయారు చేస్తుంది. ఆ మొక్కను మేక తింటుంది, మేకను పులి తింటుంది. సముద్రంలోనైనా ఇదే వరుస. నీటి ఉపరితలంపై తేలియాడే సూక్ష్మమైన నాచును చిన్న ప్రాణులు, వాటిని చేపలు ఆరగిస్తాయి. కాంతి చేరని లోతులలో ఉండే ప్రాణులకు పైనుండి రాలిపడే ఎంగిలి మెతుకులే ఆధారం. కనుక సముద్రం ఎంత లోతైతే అక్కడి జీవం అంత పలుచన అని 1970ల వరకు శాస్త్రజ్ఞులు నమ్మేవారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. అగాధపు అడుగున వల వేసి లాగినప్పుడల్లా బురదతో పాటు దొరికేవి కొద్దిపాటి ప్రాణులు మాత్రమే.

1977 ఫిబ్రవరిలో ఈ చిత్రం ఒక్కసారిగా మారిపోయింది. పసిఫిక్ మహాసముద్రంలో గలాపగోస్ దీవుల సమీపాన, సముద్రపు అడుగున భూఫలకాలు ఒకదానికొకటి దూరంగా జరిగే చీలిక ఒకటి ఉన్నది. అట్టి చోట్ల వేడినీరు పైకి ఉబికి వస్తుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఊహిస్తూ వచ్చారు. ఆ ఊహను పరీక్షించడానికి జాక్ కార్లిస్, చెర్డ్ వాన్ ఆండెల్ అనే శాస్త్రజ్ఞులు 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామిలో సుమారు 2500 మీటర్ల లోతుకు దిగారు. వేడినీరు కనిపించింది. దానితో పాటు ఎవరూ ఊహించనిది కూడా కనిపించింది. నల్లని లావా రాళ్ళ నడుమ తెల్లని పెద్ద పెద్ద గుల్లచిప్పలు, ఆలుచిప్పలు, పీతలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. తెల్లని గొట్టాలలో నుండి ఎర్రని కుచ్చులు బయటకు చాచి నిలిచిన వింత పురుగులు కూడా ఈ చీలిక వెంబడే బయటపడ్డాయి.

ఆ నౌకలో జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడు కూడా లేడు! వెళ్ళినవారంతా రాళ్ళను, నీటిని పరిశీలించేందుకు వెళ్ళినవారే. పైకి తెచ్చిన ప్రాణులు చెడిపోకుండా ఉంచేందుకు సరిపడా ద్రావణం లేక, పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో కొన్నింటిని భద్రపరచవలసి వచ్చింది. బిలాల వద్ద పట్టిన నీటి సీసాల మూతలు తీయగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమన్నది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వాసన. ఆ వాసనలోనే సమాధానం దాగి ఉన్నది.

వేడినీటి వంటశాల

ఈ ఉష్ణజల బిలాల రసాయనం తెలిస్తే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది. సముద్రపు నీరు అడుగునున్న పగుళ్ళ గుండా రాతిలోపలికి ఇంకుతుంది. కొంత లోతున కరిగిన శిలాద్రవపు వేడి తగిలి ఆ నీటి ఉష్ణోగ్రత 350 నుండి 400 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. పైనున్న సముద్రపు బరువు వలన అక్కడి ఒత్తిడి మనపై ఉండే వాతావరణ పీడనానికి 250 రెట్లు ఉంటుంది. కనుక అంత వేడిలోనూ నీరు మరిగి ఆవిరి కాదు. ఆ వేడినీరు రాళ్ళలోని ఇనుము, రాగి, జింకు వంటి లోహాలను కరిగించుకుని, హైడ్రోజన్ సల్ఫైడును నింపుకొని పైకి ఎగదన్నుతుంది. 2 డిగ్రీల చల్లని సముద్రజలం తగలగానే కరిగి ఉన్న లోహాలు సల్ఫైడులుగా మారి నల్లని నలుసులై విడిపోతాయి. చూసేవారికి అది పొగ గొట్టం నుండి వెలువడే నల్లని పొగవలె కనిపిస్తుంది. ఇట్టి 'నల్లపొగ గొట్టాలు' 1979లో మెక్సికో తీరానికి దూరంగా, తూర్పు పసిఫిక్ పర్వతశ్రేణిపై తొలిసారిగా బయటపడ్డాయి.

ప్రాణులు నివసించేది ఆ 350 డిగ్రీల నీటిలో కాదు. వేడినీరూ చల్లనినీరూ కలిసే అంచున, గోరువెచ్చని నీటిలో అవి గుమిగూడతాయి. ఒక పక్క నుండి సల్ఫైడు, మరొక పక్క నుండి ప్రాణవాయువు వచ్చి చేరే సన్నని సరిహద్దు అది. ఆ రెండూ చేతికి అందే చోటు అదొక్కటే.

నోరు లేని ప్రాణి

ఆ గొట్టపు పురుగు శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కుముడి అయింది. రిఫ్టియా పాకిప్టిలా అని దీనికి నామకరణం చేశారు. మనిషి ఎత్తు వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా పెరుగుతుంది. కాని దానికి నోరు లేదు. కడుపు లేదు. పేగులు లేవు. మలద్వారం కూడా లేదు. శరీరం లోపల ఎక్కువ భాగాన్ని ఆక్రమించుకుని మెత్తని, స్పంజి వంటి కణజాలం మాత్రం ఉన్నది. తినే దారి లేని ప్రాణి అంత ఏపుగా ఎలా పెరుగుతున్నది?

1980లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన మెరెడిత్ జోన్స్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పురుగును గురించి ఉపన్యసించారు. ఆ స్పంజి కణజాలంలో గంధకపు స్ఫటికాలు కనిపించాయని ఆయన మాటల నడుమ ప్రస్తావించారు. శ్రోతలలో కూర్చున్న కొలీన్ కావనా అనే విద్యార్థిని పరిశోధనలో అప్పుడే అడుగుపెట్టింది. ఆమె లేచి, ఆ కణజాలంలో గంధకంతో బ్రతికే బాక్టీరియా ఉండి తీరాలని, పురుగుకు ఆహారం పెట్టేవి అవేనని అన్నది. ఆ ఊహను ఆమె సూక్ష్మదర్శిని సహాయంతో ఋజువు చేసి 1981లో ప్రకటించింది. ఆ కణజాలం ఒక్క గ్రాములో వందల కోట్ల బాక్టీరియా ఉన్నాయి. అదే సంవత్సరం హోర్స్ట్ ఫెల్బెక్ ఆ కణజాలంలో గంధకపు సమ్మేళనాల నుండి శక్తిని రాబట్టే ఎంజైములను, వాటితో పాటు ఆకుపచ్చని మొక్కలలో బొగ్గుపులుసు వాయువును పట్టి ఆహారంగా మలిచే ఎంజైమునే కనుగొన్నాడు. ఆకులో జరిగే పని కటిక చీకటిలో, ఒక పురుగు పొట్టలో జరుగుతున్నదన్నమాట.

నిజానికి ఈ తాళం చెవి తయారై అప్పటికి శతాబ్దం కావస్తున్నది. 1887లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు గంధకపు నీటి ఊటలలో పెరిగే బెగ్గియటోవా అనే బాక్టీరియాను పరిశీలించి, అది హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సీకరించి శక్తి పొందుతున్నదని నిరూపించాడు. కాంతి బదులు రసాయనిక శక్తితో ఆహారాన్ని నిర్మించుకునే ఈ విధానాన్ని రసాయన సంశ్లేషణ అంటారు. ఒక పెద్ద జంతువు తన జీవితాన్నంతా అట్టి బాక్టీరియాపై మోపి బ్రతుకగలదన్నది మాత్రం కావనా చూపిన కొత్త సంగతి.

ఈ చర్యను ఒక సాధారణమైన లెక్కగా చెప్పుకోవచ్చు. నాలుగు అణువుల హైడ్రోజన్ సల్ఫైడు, ఒక అణువు ప్రాణవాయువు, ఒక అణువు బొగ్గుపులుసు వాయువు చేరితే పిండిపదార్థపు మూలరూపం ఒకటి, నాలుగు గంధకపు పరమాణువులు, మూడు నీటి అణువులు వస్తాయి. జోన్స్ చూసిన గంధకపు స్ఫటికాలు ఈ లెక్కలో మిగిలినవే. అవి వ్యర్థం కావు. సల్ఫైడు కొరవడిన వేళ బాక్టీరియా వాటిని కూడా ఆక్సీకరించి శక్తిని తీసుకుంటుంది. గాదెలో దాచిన ధాన్యం వంటిది ఆ గంధకం.

విషాన్ని మోసే రక్తం

ఇక్కడ రసాయనశాస్త్రం ఎదుర్కొనే అసలు చిక్కు వేరే ఉన్నది. హైడ్రోజన్ సల్ఫైడు సామాన్యమైన పదార్థం కాదు, తీవ్రమైన విషం. సైనైడు వలెనే కణాలలో శ్వాసక్రియకు కీలకమైన ఎంజైమును అది స్తంభింపజేస్తుంది. దానికి తోడు సల్ఫైడూ ప్రాణవాయువూ ఒకే నీటిలో ఉంటే, ఏ ప్రాణి ప్రమేయమూ లేకుండానే వాటంతట అవి చర్య జరుపుకుంటాయి. అట్లా వృథా అయిన శక్తి ఎవరికీ ఉపయోగపడదు. కనుక బాక్టీరియాకు ఆ రెండూ కావాలి, కాని దారిలో అవి ఒకదానితో ఒకటి తలపడకూడదు. ఆ విషం పురుగు శరీరాన్ని తాకనూ కూడదు.

ఈ సమస్యకు రిఫ్టియా చూపిన పరిష్కారం దాని రక్తంలో ఉన్నది. బయటకు చాచిన కుచ్చుకు ఆ ఎర్రదనం మన రక్తంలో ఉన్నట్టి హిమోగ్లోబిన్ వలన వచ్చినదే. అయితే ఇది మన దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద అణువు. ఒక స్థానంలో అది ప్రాణవాయువును పట్టుకుంటుంది, దానికి దూరంగా వేరొక స్థానంలో సల్ఫైడును బంధిస్తుంది. ఒకే బండిలో నిప్పునూ గడ్డినీ వేర్వేరు అరలలో మోసుకువెళ్ళినట్లు ఆ రెంటినీ భద్రంగా మోసి, లోపలి బాక్టీరియాకు అందజేస్తుంది. మానవుల హిమోగ్లోబిన్ సల్ఫైడు తగిలితే పాడైపోతుంది. రిఫ్టియా హిమోగ్లోబిన్‌కు అది మోయవలసిన సరుకు మాత్రమే.

ఇందుకు ప్రతిఫలంగా బాక్టీరియా తాను తయారు చేసిన ఆహారంలో కొంత భాగాన్ని పురుగు కణజాలానికి వదులుతుంది. అంతేకాక పురుగు తనలోని బాక్టీరియాలో కొన్నింటిని జీర్ణం చేసుకుంటుంది కూడా. ఈ స్నేహంలో లెక్కలు కచ్చితంగానే ఉంటాయి.

ఈ ఏర్పాటు ఎంత వింతగా తోచినా, దీనికి దగ్గర చుట్టం మన పొలాలలోనే ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాలలో సార్వా వరి కోతకు కొద్దిరోజుల ముందు ఆ తడినేలలోనే మినుము, పెసర విత్తనాలు చల్లే ఆనవాయితీ ఉన్నది. పెసర మొక్కను పెరికి చూస్తే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది, మొక్క దానికి చక్కెరను ఇస్తుంది. ఆ బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది కూడా ఒక విధమైన హిమోగ్లోబినే! నత్రజనిని మార్చే ఎంజైముకు ప్రాణవాయువు తగలరాదు, కాని బాక్టీరియా ఊపిరికి ప్రాణవాయువు కావాలి. కనుక మొక్క ఆ ఎర్రని పదార్థంతో ప్రాణవాయువును పట్టి ఉంచి, కొలతగా అందిస్తుంది. పెసర చేనులోనూ పసిఫిక్ అగాధంలోనూ అతిథికి కావలసిన వాయువును ప్రమాదం లేకుండా అందించే బాధ్యత ఒకే జాతికి చెందిన ప్రోటీనుపై పడడం గమనార్హం.

తోడు ఎవరిస్తారు?

పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి. ఆ తోడు నిన్నటి గిన్నెలోది కావచ్చు, పొరుగింటి నుండి తెచ్చుకున్నది కావచ్చు. సముద్రగర్భంలోని ప్రాణులలో కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి.

గలాపగోస్ వద్ద కనిపించిన తెల్లని గుల్లచిప్పలకు కూడా ఆహారం పెట్టేవి వాటి మొప్పలలో నివసించే బాక్టీరియాయే. తల్లి తన గుడ్డులోనే ఆ బాక్టీరియాను పెట్టి పంపుతుంది. పిల్ల పుట్టడమే తోడుతో పుడుతుంది. తరతరాలుగా బయటి ప్రపంచం చూడనందున ఆ బాక్టీరియా తన జన్యువులలో అధిక భాగాన్ని పోగొట్టుకున్నది. 2007లో ఈ గుల్లచిప్పల బాక్టీరియా జన్యుపటాలు వెలువడినప్పుడు, స్వేచ్ఛగా బ్రతికే బంధువుల జన్యుపటాలతో పోలిస్తే అవి ఎంతో కుంచించుకుపోయినట్లు తేలింది. పుట్టింటిని విడిచి బ్రతికే శక్తి వాటికి ఇక లేదు.

రిఫ్టియా పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. దాని పిల్ల ఏ తోడూ లేకుండానే పుట్టి, సముద్రంలో ఈదుతూ వెళ్ళి ఒక బిలం వద్ద స్థిరపడుతుంది. అక్కడి నీటిలో ఉన్న బాక్టీరియా దాని చర్మం గుండా లోపలికి ప్రవేశిస్తుందని 2006లో వియన్నా పరిశోధకులు చూపించారు. పురుగు మరణిస్తే లోపలి బాక్టీరియాలో కొన్ని బయటపడి తిరిగి సముద్రంలో చేరతాయని కూడా తరువాత తేలింది. ఈ బాక్టీరియా ఈదడానికి, రసాయనాల జాడ పసిగట్టడానికి కావలసిన జన్యువులను నేటికీ విడువకుండా ఉంచుకున్నది. ప్రతి తరమూ కొత్త చోట తన తోడును వెదుక్కోవలసిందే.

సూర్యునికి చెల్లించవలసిన బాకీ

ఈ ప్రాణులు సూర్యునితో ఏ సంబంధమూ లేకుండా జీవిస్తున్నాయని తరచుగా వ్రాస్తుంటారు. ఇది సగం సత్యమే. సల్ఫైడు భూగర్భం ఇచ్చినది. కాని దానిని ఆక్సీకరించే ప్రాణవాయువు ఎక్కడిది? అది ఉపరితలంపై మొక్కలు, నాచు సూర్యరశ్మితో తయారు చేయగా నీటిలో కరిగి, చల్లని ప్రవాహాలతో అడుగుకు చేరినది. సూర్యుడు ఆరిపోతే ఆ నిల్వ ఖర్చయిన పిదప రిఫ్టియా కూడా నిలువలేదు.

ఆ ప్రాణవాయువు భూమిపై మొదట ఎలా పేరుకున్నదో తెలుసుకోవడానికి ఉపయోగపడే స్థలం ఒకటి మిషిగన్ రాష్ట్రంలోనే ఉన్నది. ట్రాయ్ నగరం నుండి ఉత్తరంగా సుమారు నాలుగు గంటలు కారులో ప్రయాణిస్తే హ్యూరన్ సరస్సు ఒడ్డున అల్పీనా అనే ఊరు వస్తుంది. అక్కడి థండర్ బే ప్రాంతం మునిగిపోయిన ఓడలకు ప్రసిద్ధి. 2001లో ఆ ఓడల కోసం సరస్సు అడుగును గాలిస్తుండగా, సున్నపురాయి కరిగి నేల కుంగిన గుంటలు కనిపించాయి. దాదాపు 40 కోట్ల సంవత్సరాల క్రితం ఆ ప్రాంతమంతా సముద్రం. ఆ సముద్రం ఎండి మిగిలిన లవణాల గుండా భూగర్భజలం ప్రవహించి, సల్ఫేటును నింపుకొని, ప్రాణవాయువు దాదాపు లేని స్థితిలో ఆ గుంటలలోకి ఊరుతున్నది.

వీటిలో 23 మీటర్ల లోతునున్న మిడిల్ ఐలండ్ గుంట అడుగున ఊదారంగు తివాచీ పరచినట్లు సయనోబాక్టీరియా పెరుగుతున్నది. దానితో కలిసి గంధకాన్ని ఆక్సీకరించే తెల్లని బాక్టీరియా ఉంటుంది. రాత్రివేళ తెల్లనివి పైకి వస్తాయి. తెల్లవారాక ఊదారంగువి వెలుతురు కోసం వాటిని తోసుకుని పైకి చేరతాయి. గ్రాండ్ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బోపయ్య బిద్దండ, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ డిక్ మొదలైనవారు వీటిని ఏళ్ళ తరబడి పరిశీలించారు. ప్రాచీన భూమి వేగంగా తిరుగుతూ పగళ్ళు పొట్టిగా ఉన్నంతకాలం ఇట్టి తివాచీల నుండి ప్రాణవాయువు బయటకు రావడం కష్టమైందని, పగటి నిడివి పెరిగిన కొద్దీ అది సులభమైందని ఈ గుంటల అధ్యయనం ఆధారంగా 2021లో ఒక ప్రతిపాదన వెలువడింది. మరింత లోతున, 93 మీటర్ల వద్ద, వెలుతురు అందని గుంట ఇంకొకటి ఉన్నది. అక్కడ ఊదారంగు లేదు, తెల్లని తివాచీ మాత్రమే. గొట్టపు పురుగులు, గుల్లచిప్పలు లేవు కాని, వినోగ్రాడ్‌స్కీ చూసిన రసాయనిక జీవనం మంచినీటి సరస్సులో కూడా సాగుతున్నదని చెప్పడానికి ఇది సాక్ష్యం. సల్ఫైడు ఊరే చోటు ఎక్కడ ఉన్నా దానిని వాడుకునే జీవం అక్కడికి చేరుతున్నది. అందుకు అగ్నిపర్వతపు వేడి అవసరం లేదు.

గోదావరి ముఖద్వారం ఎదుట

వేడి అవసరం లేదన్న ఈ మాటకు మరింత పెద్ద నిదర్శనం ఆంధ్రతీరంలో దొరికింది. నాసిక్ సమీపాన పుట్టిన గోదావరి బాసర, భద్రాచలం, రాజమహేంద్రవరం మీదుగా సాగి సముద్రంలో కలుస్తుంది. కృష్ణానది కూడా అల్లంత దూరంలోనే కలుస్తుంది. ఈ రెండు నదులు లక్షల సంవత్సరాలుగా మోసుకువచ్చిన ఒండ్రు బంగాళాఖాతపు అడుగున కిలోమీటర్ల మందాన పేరుకున్నది. ఆ ఒండ్రుతో పాటు ఆకులు, వేళ్ళు, నాచు అవశేషాలు కూడా పూడుకుపోయాయి. ప్రాణవాయువు లేని ఆ బురదలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు వాటిని మీథేన్ వాయువుగా మారుస్తాయి. లోతైన సముద్రపు ఒత్తిడిలో, చలిలో ఆ మీథేన్ నీటితో కలిసి మంచుగడ్డ వంటి ఘనపదార్థంగా ఏర్పడుతుంది. దీనినే గ్యాస్ హైడ్రేట్ అంటారు. అగ్గిపుల్ల చూపిస్తే మండే మంచు ఇది. ఒక ఘనమీటరు హైడ్రేట్ కరిగితే 160 ఘనమీటర్లకు పైగా వాయువు వెలువడుతుంది. 2006లో 'జాయిడిస్ రిజల్యూషన్' అనే నౌక కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది.

తరువాత గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు అనింద మజుందార్ బృందం ఆ ప్రాంతపు బురదలో ప్రాచీన కాలపు గుల్లచిప్పలను గుర్తించి 2009లో ప్రకటించింది. అవి రసాయన సంశ్లేషణపై ఆధారపడే జాతివి. అంటే పూర్వం అక్కడ మీథేన్ ఊటలు ఉండేవన్నమాట. ఇప్పుడు కూడా ఉన్నాయా అన్న ప్రశ్నకు 2018లో 'సింధు సాధన' నౌకా యాత్ర సమాధానమిచ్చింది. 900 నుండి 1800 మీటర్ల లోతున సముద్రపు అడుగు నుండి వాయుబుడగలు ఎగసే స్థలాలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల బురదకు రెండు మూడు మీటర్ల దిగువనే హైడ్రేట్ దొరికింది. అక్కడ జీవించే ప్రాణులలో గలాపగోస్ తెల్ల గుల్లచిప్పల కుటుంబానికి చెందినవి ఉన్నాయి, ఆలుచిప్పల కుటుంబానికి చెందినవి ఉన్నాయి. నోరు లేని రిఫ్టియా కుటుంబానికి చెందిన పురుగులు కూడా ఉన్నాయి. భారతదేశపు సముద్ర పరిధిలో సజీవమైన మీథేన్ ఊటల జీవసముదాయం కనిపించడం అదే ప్రథమం. 2019లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి.

వేడి బిలాలు లేని ఆ చోట సల్ఫైడు ఎక్కడిది? ఇందులోనూ ఒక సహజీవనమే ఉన్నది. పైకి వచ్చే మీథేన్‌ను ఒక రకం ఆర్కియా ఆక్సీకరిస్తుంది. ఆ పని పూర్తికావడానికి దాని పక్కనే అంటిపెట్టుకుని ఉండే బాక్టీరియా సముద్రజలంలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. ఒకటి లేక రెండవది ఆ పనిని సాగించలేదు. ఈ జంటను 2000లో ఆరెగాన్ తీరంలో జర్మన్ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద తొలిసారిగా చూడగలిగారు. ఆ సల్ఫైడును గుల్లచిప్పలు, పురుగులు తమ తోడు బాక్టీరియాకు అందిస్తాయి. కాబట్టి గోదావరి ఎదుట ఉన్న ఈ జీవులు తింటున్నది ఒకనాటి అడవుల, చేల, నాచుల మిగులు. ఏనాడో కురిసిన సూర్యరశ్మే రెండు మూడు చేతులు మారి వాటికి అందుతున్నది.

ఈ జంట చేసే మేలు ఇంకొకటి ఉన్నది. భూమిని వేడెక్కించడంలో మీథేన్, నూరేళ్ళ లెక్కన, బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 28 రెట్లు శక్తిమంతమైనది. సముద్రపు అడుగు బురదలో పైకి వచ్చే మీథేన్‌లో అత్యధిక భాగం నీటిని చేరకముందే ఈ సూక్ష్మజీవుల చేతిలో ఖర్చవుతున్నది.

ముందున్న నిర్ణయం

ఈ అగాధాలు ఇప్పుడు శాస్త్రజ్ఞుల ఆసక్తికి మాత్రమే పరిమితం కావు. బిలాల వద్ద పేరుకున్న సల్ఫైడు గుట్టలలో రాగి, జింకు, కొద్దిగా బంగారం, వెండి ఉంటాయి. హిందూ మహాసముద్రపు పర్వతశ్రేణులలో 10,000 చదరపు కిలోమీటర్ల మేర వాటిని అన్వేషించడానికి భారతదేశం 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో 15 సంవత్సరాల ఒప్పందం చేసుకున్నది. 2024 డిసెంబరులో అదే మహాసముద్రంలో సుమారు 4500 మీటర్ల లోతున సజీవమైన ఉష్ణజల బిలాన్ని భారతీయ శాస్త్రజ్ఞులు మానవరహిత వాహనంతో ఫొటో తీయగలిగారు. ఇది గర్వించదగిన విజయం. ఇటు కృష్ణా గోదావరి బేసిన్ హైడ్రేట్లు దిగుమతి ఇంధనంపై ఆధారపడిన దేశానికి ఆశ కల్పిస్తున్నాయి. ఈ అవసరాలను తేలికగా కొట్టివేయలేము.

అయితే ఒక నత్త కథ చెప్పుకోవాలి. హిందూ మహాసముద్రపు బిలాల వద్ద 2001లో ఇనుప సల్ఫైడు పొలుసులు తొడుక్కున్న నత్త ఒకటి కనిపించింది. దానికి కూడా ఆహారం దాని గొంతు గ్రంథిలోని బాక్టీరియా పెట్టేదే. 2019 నాటికి అది నివసిస్తున్నట్లు తెలిసిన చోట్లు మూడే. ఆ మూడింటి విస్తీర్ణం కలిపినా ఒక చదరపు కిలోమీటరులో యాభైయవ వంతు. సముద్రగర్భ గనుల తవ్వకం వలన ముప్పు పొంచి ఉన్నదన్న కారణంతో ఆ సంవత్సరం దానిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చింది. ఆ కారణంతో పట్టికకెక్కిన తొలి ప్రాణి అదే.

చెదిరిన ఇల్లు తిరిగి నిలబడుతుందా అన్నది ఆ ప్రాణి తోడును ఎలా పొందుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది అన్న వాటిపై ఆధారపడి ఉంటుంది. 1991లో తూర్పు పసిఫిక్ శ్రేణిలో ఒక అగ్నిపర్వతం పేలి బిలాల వద్ద ప్రాణులను లావాతో కప్పివేసింది. మూడు సంవత్సరాలు తిరగకముందే రిఫ్టియా గుంపులు మళ్ళీ అక్కడ నిలువెత్తుగా లేచాయి. దాని గొట్టం సంవత్సరానికి 85 సెంటీమీటర్లకు పైగా పెరిగినట్లు లెక్కకట్టారు. తోడును సముద్రపు నీటిలోనే వెదుక్కోగల ప్రాణి అది. ఇక మెక్సికో సింధుశాఖలోని చల్లని ఊటల వద్ద అదే కుటుంబానికి చెందిన మరొక గొట్టపు పురుగు ఉన్నది. అది రెండు మీటర్లు పెరగడానికి రెండు శతాబ్దాల కాలం పడుతుంది. తల్లి గుడ్డు ద్వారానే తోడును అందుకునే గుల్లచిప్పల సంగతి వేరు. వాటి గుంపు పూర్తిగా నశిస్తే బాక్టీరియా కూడా దానితోనే నశిస్తుంది. వేరొక గుంపు నుండి పిల్లలు తరలివస్తేనే ఆ చోటు మళ్ళీ నిండుతుంది. హిందూ మహాసముద్రపు శ్రేణులలో ఒక బిలానికీ మరొక బిలానికీ నడుమ వందల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు.

కనుక తవ్వకం యంత్రం దిగకముందే ఏ ఊట వద్ద ఏ ప్రాణి ఉన్నదో, దాని తోడు తల్లి నుండి వచ్చినదో నీటి నుండి వచ్చినదో, దగ్గరలోని బంధువుల గుంపు ఎంత దూరాన ఉన్నదో లెక్క వ్రాసి ఉంచాలి. నీరు ఊరడం మాని చల్లారిపోయిన పాత సల్ఫైడు గుట్టలను వేరుగా, సజీవమైన బిలాలను వేరుగా గుర్తించి, రెండవ వాటి జోలికి పోకుండా ఉండడం సాధ్యమేనని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ లెక్క తయారు చేయడానికి రసాయనశాస్త్రం తెలిసినవారు, జన్యుశాస్త్రం తెలిసినవారు, లోతు నీటిలో పనిచేసే యంత్రాలను నిర్మించగల ఇంజనీర్లు కావాలి. తెలుగు కుటుంబాలలో ఈ మూడు రంగాలవారికీ కొదువ లేదు. ఏ చదువు చదవాలా అని ఆలోచిస్తున్న మన పిల్లలకు ఈ అగాధం కూడా ఒక మార్గమని చెప్పవచ్చు. వేసవి సెలవులలో అల్పీనా వరకు తీసుకువెళ్ళి, హ్యూరన్ సరస్సు ఒడ్డున నిలబడి ఆ ఊదారంగు తివాచీల కథ చెబితే, అంతర్వేది ఎదుటి సముద్రంలో ఏమున్నదో వారే అడిగి తెలుసుకుంటారు.